కాపు దిగిన మామిడికి కత్తెర: పెరటి చెట్టును కత్తిరించి సాకే పద్ధతి

పెరట్లోని మామిడి కొమ్మ మీద కత్తెర పెట్టే ముందు ఒక్క సంగతి మనసులో ఉంచుకోవాలి. మామిడి పూత ముదిరిన రెమ్మ చివరి మొగ్గ నుంచి వస్తుంది. కాపు అయిపోయిన తర్వాత వేసిన చిగురు మొదట రాగి రంగులో వేలాడి, లేతాకుపచ్చకు తిరిగి, ఆ తర్వాత ముదురాకుపచ్చగా గట్టిపడి, నాలుగైదు నెలలు కదలకుండా నిలిచి ఉంటేనే డిసెంబరు, జనవరి చలికి ఆ కొన పూతగా విచ్చుకుంటుంది. కత్తిరింపు, ఎరువు, నీరు, మందు అన్నీ ఆ కొనను సకాలంలో పుట్టించి, ముదరనిచ్చి, కాపాడుకోవడానికి చేసే పనులే.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఈ లెక్కకు మరొక కారణం కూడా ఉన్నది. ఇక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి. ఆలస్యంగా, అంటే సెప్టెంబరు దాటాక కత్తిరించిన చెట్టు ఆ వానలకు మళ్ళీ ఇగురు వేస్తుంది. ఆ ఇగురు సంక్రాంతి నాటికి ముదరదు. ఆ ఏడాది ఆ కొమ్మల మీద ఆకులు తప్ప పూత కనిపించదు.

ఎప్పుడు మొదలు పెట్టాలి

కాయలన్నీ దిగిన రెండు మూడు వారాలలోపు కత్తిరింపు ముగించాలి. బేనిషా (బంగినపల్లి) చెట్టుకు ఇది సాధారణంగా జూన్‌లో వస్తుంది. తోతాపురికి జులై, నీలానికి జులై చివర లేక ఆగస్టు మొదటి పక్షం అవుతుంది. పెరట్లో రెండు మూడు రకాలు ఉన్నవారు నీలం కాయలు దిగేదాకా ఆగి అన్నింటినీ ఒకే రోజు కొట్టిద్దామని అనుకుంటారు. కూలి ఒక్కసారితో పోతుందన్న మాట నిజమే కానీ, బేనిషాకు దక్కవలసిన రెండు నెలల వ్యవధి అందులో పోతుంది. ఏ చెట్టు కాపు దిగితే ఆ చెట్టుకు అప్పుడే పని చేయడం మంచిది. బేనిషా ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది వెనక్కి తగ్గే గుణం ఉన్న రకం కాబట్టి, దానికి ఈ వ్యవధి మరీ అవసరం.

ఇక్కడే పండగల మాట కూడా చెప్పాలి. వినాయక చవితి, దసరా, దీపావళి వచ్చాయంటే ఇరుగుపొరుగు వారందరూ తోరణాలకు మామిడి మండలు విరుచుకుపోతారు. చేతికందే కింది కొమ్మల కొనలే విరుగుతాయి. ఆ కొనలే మూడు నెలల తర్వాత పూయవలసినవి. ఇవ్వవద్దని ఎవరికీ చెప్పలేము, చెప్పనవసరం కూడా లేదు. చెట్టు లోపలి నీడలో ఉన్న బలహీనమైన రెమ్మల నుంచి మీరే ఆకులు కోసి ఇస్తే తోరణమూ నిండుతుంది, పూతా నిలుస్తుంది.

కావలసిన వస్తువులు, తీసుకోవలసిన జాగ్రత్తలు

బొటనవేలి లావు వరకు ఉన్న రెమ్మలకు తోట కత్తెర, అంతకంటే లావు కొమ్మలకు చేతి రంపం, అందని వాటికి పొడవాటి కర్రకు బిగించిన రంపం సరిపోతాయి. కొడవలితో, మచ్చుకత్తితో నరికించవద్దు. నరికిన చోట పీచులు లేచి, బెరడు చీలి, అక్కడ నీరు నిలిచి కుళ్ళు మొదలవుతుంది. ఒక చెట్టు పని ముగించి మరొక చెట్టుకు వెళ్ళేటప్పుడు కత్తెరను, రంపాన్ని స్పిరిట్‌తో తుడవాలి.

మామిడి సొన చర్మాన్ని కాలుస్తుంది, కొందరికి వారం రోజుల పాటు పొక్కులు పెడుతుంది. నిండు చేతుల చొక్కా, చేతితొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. చెట్టెక్కే ముందు ఆకులు కుట్టి గూడు కట్టుకున్న ఎర్రచీమలు, కందిరీగలు ఉన్నాయేమో కింద నుంచే చూసుకోవాలి. కాకులు గూళ్ళు పెట్టే కాలం కూడా ఇదే కాబట్టి, గూటిలో పిల్లలుంటే ఆ ఒక్క కొమ్మను వాటికి రెక్కలు వచ్చేవరకు వదిలేయండి. చెట్టుకు దాని వల్ల నష్టమేమీ లేదు. ఆషాఢంలో మనకు వాన ఎక్కువగా సాయంత్రం పూట పడుతుంది. కనుక ఉదయం ఎండ కాస్తుండగా పని ముగించుకోవాలి. తడిసిన కొమ్మ మీద కాలు జారుతుంది, తడి గాయంలోకి తెగులు త్వరగా దిగుతుంది. కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మల జోలికి మాత్రం మీరు వెళ్ళవద్దు. విద్యుత్ సిబ్బందికి చెప్పి, సరఫరా ఆపించిన తర్వాతే వాటిని తీయించాలి.

కొమ్మలు తీసే వరుస

మొదట కత్తెర పక్కన పెట్టి చెట్టు చుట్టూ తిరగండి. మొదలు దగ్గర నిలబడి తలెత్తి చూడండి. నడి మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ మచ్చలు పడకుండా చీకటిగా ఉంటే ఆ చెట్టు లోపల పూత రాదు, పూత రసం పీల్చే తేనెమంచు పురుగు మాత్రం చల్లగా కాపురముంటుంది. తీయవలసిన కొమ్మలకు పాత గుడ్డపేలికలు కట్టి, మళ్ళీ ఒకసారి దూరంగా నిలబడి చూసుకుని, ఆ తర్వాతే రంపం పట్టుకోండి. ఎంత గుబురుగా ఉన్న చెట్టయినా ఒక ఏడాదిలో నాలుగోవంతు పచ్చదనం కంటే ఎక్కువ తీయకూడదు. ఎక్కువ తీస్తే చెట్టు పూతను మరిచి ఆకులు పెట్టుకోవడంలోనే పడిపోతుంది.

తొలి విడతలో ఎండిన కొమ్మలు, తెగులు పట్టిన కొమ్మలు, బదనిక (చెట్టు కొమ్మలోనే వేరు దించి దాని రసంతో బతికే మొక్క) పట్టిన కొమ్మలు తీయాలి. బదనిక ఆకులు మామిడి ఆకులను పోలి ఉండటంతో మొదటి చూపుకు దొరకదు. అది అంటుకున్న చోట కొమ్మ బుడిపెలా ఉబ్బి ఉంటుంది. ఆ బుడిపెకు ఒక అడుగు కిందికి, ఆరోగ్యమైన కొమ్మ వరకు కోసేయాలి. బదనిక ఆకులు మాత్రం పీకేస్తే లోపల మిగిలిన వేరు నుంచి మళ్ళీ లేస్తుంది. పక్షులు దాని పండ్లు తిని గింజలను మరొక కొమ్మకు అంటిస్తాయి, కాబట్టి కాయ పట్టకముందే తీయడం మేలు.

రెండో విడతలో ఒకదానినొకటి రాసుకునే కొమ్మలలో బలహీనమైనదాన్ని, నేలకు తగిలేలా వాలిన రెమ్మలను, గోడ మీదికో మేడ మీదికో పోయే వాటిని తీసేయాలి. అంటు కట్టిన చోటికి కింద నుంచి లేచిన మొలకలు ఏ వయసు చెట్టుకైనా తీయవలసిందే. అవి నాటు మొక్క కొమ్మలు. వదిలేస్తే మీరు డబ్బు పెట్టి కొన్న రకాన్ని మింగేస్తాయి.

మూడో విడత నడుమ తెరవడం. పెరటి చెట్లలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే పని ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. చెట్టు మధ్యలో నిటారుగా ఆకాశం వైపు పోయిన కొమ్మలు ఒకటో రెండో ఉంటాయి. వాటిని పైన కొంత కత్తిరించి ఊరుకుంటే కోసిన చోట గుంపుగా మొలకలు లేచి కొమ్మల గొడుగు ఇంకా చిక్కబడుతుంది. అవి పుట్టిన పంగ వరకు, అంటే మొదలంటా తీసేయాలి. అప్పుడు చెట్టు నడుమ గిన్నెలా తెరుచుకుని, లోపలి కొమ్మలకు వెలుతురు, గాలి అందుతాయి. మందు కొట్టవలసి వచ్చినప్పుడు అది లోపలి ఆకుల దాకా చేరుతుంది. నవంబరు గాలివానలకు చెట్టు పడిపోకుండా ఉండటానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల వంటివి వచ్చినప్పుడు నేల నాని వేళ్ళ పట్టు సడలుతుంది, పైన బరువుగా ఉన్న గుబురు గాలిని తెరచాపలా పట్టుకుంటుంది. ఎత్తు తగ్గించాలన్నా ఇదే పద్ధతి పాటించాలి. పెరటి చెట్టుకు 12 నుంచి 15 అడుగుల ఎత్తు చాలు. అంతకు మించిన కొమ్మను పక్కకు వాలిన బలమైన కొమ్మ పుట్టిన చోట కోయాలి.

లావు కొమ్మను ఒక్క కోతతో తెగ్గొట్టకూడదు. సగం తెగగానే బరువుకు అది విరిగి, మాను బెరడును బారెడు పొడవున చీల్చుకుంటూ పోతుంది. మానుకు అడుగు దూరంలో కొమ్మ అడుగు నుంచి మూడోవంతు లోతు కోయండి. దానికి రెండంగుళాలు అవతల పై నుంచి కోయండి. కొమ్మ అక్కడికక్కడే శుభ్రంగా రాలిపోతుంది. మిగిలిన మోడును మూడో కోతతో తీయాలి. కొమ్మ మానుకు అతుక్కున్న చోట బెరడు ముడతలు పడి కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును కోయకుండా, దానికి ఆనుకుని బయటివైపు కోస్తే గాయం చుట్టూ కొత్త బెరడు ఉంగరంలా పెరిగి మూసుకుంటుంది. మోడు పొడవుగా మిగిల్చినా మానదు, ఉబ్బును కోసినా మానదు.

చివరి విడత కొనలు తుంచడం. ఈ ఏడాది కాసిన రెమ్మల చివర ఎండిన పూకాడలు గోధుమరంగు పుల్లల్లా నిలిచి ఉంటాయి. ఆ పుల్ల కింద రెమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. ఆకులు గుంపుగా పుట్టిన చోట, ఒక చిగురు ఆగి మరొక చిగురు మొదలైన చోట, దగ్గరదగ్గరగా గీతలు పడిన కణుపు ఒకటి వేలికి గరుకుగా తగులుతుంది. ఆ కణుపులో చాలా మొగ్గలు ఒత్తుగా నిద్రపోతుంటాయి. దానికి పైన కోస్తే ఐదారు సన్నని మొలకలు ఒకేచోట లేస్తాయి. దానికి కింద కోస్తే రెండు మూడు బలమైన మొలకలు ఎడంగా వస్తాయి. పెరటి చెట్టుకు రెండోదే కావాలి. కాబట్టి పూకాడతో సహా 10 నుంచి 15 సెంటీమీటర్ల వరకు, కణుపు దిగువన తుంచండి. చెట్టు మొత్తం చేయలేకపోయినా నిచ్చెనకు అందిన మేరకు చేసినా ఫలితం కనిపిస్తుంది.

గాయాలకు పూత

రెండు వేళ్ళ లావు కంటే పెద్ద గాయాలన్నింటికీ ఆ రోజే బోర్డో పేస్టు పూయాలి. ఒక ప్లాస్టిక్ గిన్నెలో అర లీటరు నీళ్ళు పోసి 100 గ్రాముల మైలతుత్తం కరిగించండి. మరొక గిన్నెలో 100 గ్రాముల సున్నాన్ని అర లీటరు నీటిలో కలపండి. రెండింటినీ మూడో గిన్నెలో పోసి కర్రతో కలిపితే చిక్కని నీలి లేపనం వస్తుంది. ఇనుప పాత్రలు వాడకూడదు. శుభ్రమైన ఇనుప మేకును అందులో ముంచి తీసినప్పుడు దాని మీద ఎర్రటి రాగి పొర పట్టితే సున్నం చాలలేదన్నమాట, మరికొంత కలపండి. తయారు చేసిన రోజే వాడేయాలి. కొత్తగా ఎండకు బయటపడిన లావు కొమ్మలకు, మానుకు సున్నం కొట్టండి. ఇన్నాళ్ళు నీడలో ఉన్న బెరడు మన ఎండకు పగుళ్ళిస్తుంది, ఆ పగుళ్ళలోనే కాండం తొలుచు పురుగు గుడ్లు పెడుతుంది.

ఎరువు, పాదు

కత్తిరించిన వెంటనే నేలలో తేమ ఉండగా ఎరువు వేయాలి. మొదలు దగ్గర కుమ్మరించడం వల్ల ప్రయోజనం లేదు. పీల్చుకునే సన్నని వేళ్ళు గొడుగు అంచు కింద ఉంటాయి. మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడి వరకు పడుతుందో ఆ అంచు వెంట జానెడు లోతు కాలువ తీసి అందులో వేసి మట్టి కప్పాలి. పదేళ్ళు దాటిన చెట్టుకు ఏడాదికి 50 కిలోలకు తగ్గకుండా బాగా మాగిన పశువుల ఎరువు ఇవ్వాలి. దానితో పాటు నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి కిలో చొప్పున అందాలంటే యూరియా సుమారు 2 కిలోల 200 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 6 కిలోల 250 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1 కిలో 650 గ్రాములు అవుతాయి. చిన్న చెట్టుకు వయసును బట్టి ఏడాదికి పదోవంతు చొప్పున లెక్క కట్టుకోవచ్చు. ఎక్కువ భాగం ఇప్పుడు, మిగిలింది కాయ ఎదిగేటప్పుడు ఇవ్వాలి. అక్టోబరు తర్వాత, పిందె పట్టేదాకా యూరియా వేయవద్దు. అది చెట్టును మళ్ళీ చిగురు వైపు లాగుతుంది.

ఈ మధ్య ఇళ్ళలో పెరడంతా సిమెంటు పోసి, టైల్స్ పరిచి, మామిడి మొదలు చుట్టూ జానెడు గుంట మాత్రం వదులుతున్నారు. అటువంటి చెట్టుకు ఏ ఎరువు వేసినా వేళ్ళకు చేరదు, వాన నీరు కూడా దిగదు. కనీసం మూడు నాలుగు అడుగుల మేర మట్టిని తెరిచి ఉంచండి. రాలిన మామిడి ఆకులనే ఆ పాదులో కప్పుగా పరిస్తే మన ఎర్రనేలలో తేమ నిలుస్తుంది, కానీ మానుకు ఆనించకుండా జానెడు ఎడం వదలాలి. లేకుంటే చెదలు ఎక్కుతాయి.

చిగురు వచ్చాక

మూడు నాలుగు వారాలలో కోసిన ప్రతి కొన దగ్గరా మొలకలు లేస్తాయి. అవి వేలెడు పొడవు కాగానే కొనకు రెండు మూడు మాత్రమే, బయటి వైపుకు పోయేవి ఉంచి, మిగిలినవి చేత్తో తుంచేయండి. ఇది విసుగు పుట్టించే పనే, అయినా దీన్ని చేయకపోతే అంతవరకు పడిన శ్రమ ఫలితం సగమే దక్కుతుంది.

ఈ దశలో చెట్టు కింద లేత ఆకులు కత్తెరతో కోసినట్టు తిన్నగా తెగి పడి ఉంటే అది ఆకు కత్తిరించు పురుగు పని. ఆడ పురుగు ఆకులో గుడ్లు పెట్టి, ఆ ఆకును కోసి కింద పడేస్తుంది. పిల్లలు రాలిన ఆకులోనే పెరిగి నేలలోకి దిగుతాయి. కాబట్టి రోజూ ఊడ్చి, రాలిన ఆకు ముక్కలను కాల్చేస్తే మందు లేకుండానే సగం అదుపులోకి వస్తుంది. ఆకులను దారాలతో అల్లుకున్న గూడు పురుగు కనిపిస్తే ఆ గూళ్ళను కొక్కెంతో లాగి నాశనం చేయాలి. కొత్త ఆకులు చిన్నవిగా, గిడసబారి వస్తే జింకు లోపం కావచ్చు. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఆకుల మీద పిచికారీ చేయాలి.

పూతకు ముందు, పూత తర్వాత

అక్టోబరు నుంచి పూత బయటపడే వరకు చెట్టుకు నీరు పెట్టవద్దు. ఆకులు కొంచెం బడలినట్టు కనిపిస్తే జాలిపడి పైపు వదిలేస్తుంటారు. ఆ నీటితో పూమొగ్గ కావలసింది ఆకుమొగ్గగా మారిపోతుంది. బట్టలుతికిన నీళ్ళు, వంటింటి నీళ్ళు పాదులోకి పారుతున్న ఇళ్ళలో మామిడి ఎందుకు పూయడం లేదో చాలాసార్లు ఇక్కడే జవాబు దొరుకుతుంది. పూత రప్పించడానికి తోటలలో మొదళ్ళకు పోసే పాక్లోబ్యూట్రాజోల్‌ను పెరటి చెట్టుకు వాడవద్దు. అది నేలలో చాలాకాలం నిలిచిపోతుంది, పక్కనున్న పూలమొక్కలు, కూరపాదులు కూడా దాని బారిన పడతాయి.

పూగుత్తులు బయటికి పొడుచుకొచ్చే సమయంలో, పూలు విచ్చుకోకముందే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి కొడితే తేనెమంచు పురుగు తొలిదశలోనే తగ్గుతుంది. పూగుత్తి మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు. పూలు విచ్చుకున్న రోజుల్లో ఏ మందూ కొట్టవద్దు. పుప్పొడిని మోసే ఈగలు, తేనెటీగలు చనిపోతే పూత ఎంత వచ్చినా పిందె నిలవదు.

పిందె బఠాణీ గింజంత అయిన తర్వాత నీరు మొదలు పెట్టి, 10 నుంచి 15 రోజులకొకసారి పాదు నిండా పెట్టాలి. ఒకసారి ఎండగట్టి, మరొకసారి ముంచెత్తితే పిందె రాలుతుంది, ఎదిగిన కాయ పగులుతుంది. కోతకు రెండు మూడు వారాల ముందు నీరు ఆపితే కాయలో తీపి నిలుస్తుంది. కాయలు కోడిగుడ్డు సైజు దాటాక కాగితపు సంచులు తొడిగితే పండు ఈగ బెడద ఉండదు. రాలిన పుచ్చు కాయలను చెట్టు కిందే వదలకుండా రెండడుగుల లోతున పాతిపెట్టాలి, లేకపోతే వాటిలోని పురుగులు నేలలో కోశస్థ దశకు వెళ్ళి మళ్ళీ ఈగలై లేస్తాయి.

కొత్తగా నాటిన అంటు

చిన్న మొక్కకు కత్తెర ఎందుకని అనుకోవద్దు. రేపటి చెట్టు ఆకారం ఇప్పుడే తేలుతుంది. మొక్క బాగా నాటుకుని రెండున్నర మూడడుగుల ఎత్తుకు చేరగానే తల తుంచాలి. వచ్చిన మొలకల్లో మూడు నాలుగింటిని, నాలుగు దిక్కులకు పోయేవి, ఒకదాని మీద ఒకటి కాకుండా మెట్లుగా పుట్టినవి ఎంచుకుని మిగిలినవి తీసేయాలి. ఆ కొమ్మలు రెండడుగులు పెరిగాక వాటి తలలూ తుంచాలి. మొదటి మూడేళ్ళు వచ్చిన పూతను తుంచేయడం ప్రాణానికి కష్టంగానే ఉంటుంది, కానీ మూడేళ్ళ మొక్క పది కాయలు మోసిందంటే ఆ మేరకు కొమ్మ సాగదు. అంటు చుట్టూ కట్టిన ప్లాస్టిక్ రిబ్బన్ విప్పారో లేదో కూడా చూసుకోండి. అది మాను లోపలికి దిగి గొంతు బిగిస్తుంది. స్థలం తక్కువగా ఉన్నవారు ఆమ్రపాలి వంటి పొట్టి రకాన్ని పెట్టుకుంటే ఈ కత్తిరింపు శ్రమ చాలావరకు తగ్గుతుంది.

తాతల నాటి చెట్టు

నలభై, యాభై ఏళ్ళ చెట్టు మేడ మీదికి ఎక్కి, చిటారు కొమ్మన నాలుగు కాయలు కాస్తుంటే కొట్టేయడం ఒక్కటే దారి కాదు. పెద్ద కొమ్మలన్నింటినీ ఒకే ఏడాది మోడు చేయించవద్దు. మొత్తం మూడేళ్ళలో ముగిసేలా ఏడాదికి ఒకటి లేక రెండు పెద్ద కొమ్మలను, కాపు దిగిన వెంటనే, నేలకు 10 నుంచి 12 అడుగుల ఎత్తులో కోయించండి. అప్పుడు మిగిలిన కొమ్మలు చెట్టును పోషిస్తాయి, నీడా పోదు, ఎంతో కొంత కాపూ ఉంటుంది. ప్రతి మోడు తలకు బోర్డో పేస్టు పూసి, కొమ్మకు సున్నం కొట్టాలి. మోడు చుట్టూ పుట్టే మొలకలలో బయటికి పోయే బలమైన నాలుగైదు మాత్రమే ఉంచి, మిగిలినవి నెల నెలా తీస్తూ ఉండాలి. ఆ కొమ్మలు మూడో ఏడు నుంచి కాపుకు వస్తాయి.

మోడు చేసిన చెట్టుకు కాండం తొలుచు పురుగు ముప్పు ఎక్కువ. మాను మీద రంధ్రం, దాని కింద తడిసిన రంపపు పొట్టు కనిపించిన రోజే సైకిల్ చువ్వ వంటి సన్నని తీగను లోపలికి పోనిచ్చి పురుగును గుచ్చి లాగాలి. తర్వాత పెట్రోలులో తడిపిన దూదిని రంధ్రంలో కూరి, బంకమట్టితో మూసేయాలి. వారం తర్వాత మళ్ళీ చూసినప్పుడు కొత్త పొట్టు రాలి ఉంటే లోపల పురుగు బతికే ఉన్నదని గ్రహించి, అదే పని మళ్ళీ చేయాలి.